టైప్ 1 డయాబెటిస్ ఉన్న బాబుకూ, ఇంట్లో మాకూ: ఏ సహాయం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: 13 ఏళ్ల బాబు తల్లి

అందరికీ నమస్కారం. మా బాబుకు 13 ఏళ్లు. ఏడు నెలల క్రితం ఎంత నీళ్లు తాగినా తీరని దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం, చూస్తుండగానే బరువు తగ్గిపోవడం గమనించి ఆసుపత్రికి తీసుకువెళ్తే టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. అప్పటికే కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు, బాగా పెరిగి ఉండడంతో మొదటి మూడు రోజులు ఐసీయూలోనే గడిచాయి. ఇంటికి పంపేలోపు వేలికి గుచ్చి షుగర్ చూడడం, పెన్నుతో ఇన్సులిన్ వేయడం, తినబోయే దానిలో పిండిపదార్థం ఎంత ఉందో అంచనా కట్టి మోతాదు లెక్కవేయడం మాకు ఓపికగా నేర్పించారు. వైద్యం విషయంలో నాకు ఫిర్యాదులేవీ లేవు, మోతాదుల గురించి ఇక్కడ అడగడమూ లేదు.

నా ఇబ్బంది వేరు. మొదటి నాలుగు నెలలు బాబు అన్నీ తనే శ్రద్ధగా చూసుకున్నాడు. వైద్యులు హనీమూన్ దశ అనేది అప్పుడే నడిచింది. శరీరంలో ఇంకా మిగిలి ఉన్న కాస్త ఇన్సులిన్ సాయంతో అంకెలు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఆ దశ ముగిసి అంకెలు ఎగుడుదిగుడు కావడం మొదలైనప్పటి నుంచి వాడు దాని గురించి నోరు విప్పడం మానేశాడు. పోయిన వారం వాడి రికార్డు పుస్తకంలో 118, 124, 109 అని ముత్యాల్లా వరుసగా రాసి ఉంది. ఎందుకో అనుమానం వచ్చి గ్లూకోమీటరు మెమరీ తెరిచి చూస్తే ఆ మూడు రోజులకూ కలిపి రెండే పరీక్షలున్నాయి: ఒకటి 287, రెండోది 312. నేను కోప్పడలేదు. మీటరును తీసిన చోటే పెట్టేసి, వాడు బడి నుంచి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఉండిపోయాను. అలా ఉండిపోవడం సరైన పనో కాదో కూడా తెలియడం లేదు.

రాత్రి రెండింటికి నాకు అలారం లేకుండానే మెలకువ వస్తోంది. వాడి నుదురు తడిమి, షుగర్ పడిపోయి చెమట పట్టలేదని చూసుకునే దాకా మళ్లీ కునుకు పట్టదు. మా వారు ఈ విషయం ఎత్తితే మాట షుగర్ చూపే సెన్సర్ల మీదికి, ఇన్సులిన్ పంపుల మీదికి తిప్పేస్తారు. భయం గురించి మాత్రం మాట్లాడరు. తొమ్మిదేళ్ల మా పాప మొన్న, "నాకూ షుగర్ వస్తే నువ్వు నా పక్కన కూడా పడుకుంటావా అమ్మా?" అని అడిగింది.

సహాయం కోసం వెతికితే పేర్లకు కొదవ లేదు. అంతర్జాతీయ సంస్థలు, తల్లిదండ్రుల బృందాలు, పిల్లల శిబిరాలు, ఫోన్ యాప్‌లు, అన్నీ తామే ముఖ్యమంటున్నాయి. వీటిలో ఏది దేనికి పనికొస్తుంది? బాబు తనంతట తాను అందుకోగల సహాయం ఏది, తల్లిదండ్రులుగా మేము వెతుక్కోవలసింది ఏది? నమ్మదగిన చోటును ఎలా గుర్తుపట్టాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.


జవాబు: 11 ఏళ్లుగా ఇదే దారిలో ఉన్న మరో తల్లి

మీ రాత్రి రెండు గంటల మెలకువ గురించి చదివి కాసేపు ముందుకు కదల్లేకపోయానండి. మా అమ్మాయికి ఆరో ఏట టైప్ 1 వచ్చింది, ఇప్పుడు దానికి 17. నుదురు తడమడం నేను నాలుగేళ్లు చేశాను.

సంస్థల పేర్లు పట్టుకుని వెతకడం మొదలుపెడితే మీరన్నట్టే తల తిరుగుతుంది. ఈ రోజు నాకు కావలసింది సమాచారమా, సరుకా, తోడా అని ముందు తేల్చుకుంటే సగం పేర్లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి. ఈ మూడూ ఒకే చోట దొరుకుతాయని ఆశపడి నేను మొదటి ఏడాది చాలా అలసిపోయాను.

సమాచారానికి నేను మొదట వెళ్లే చోటు ఇస్పాడ్. పిల్లల, కౌమారుల డయాబెటిస్ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంఘం అది. కొన్నేళ్లకొకసారి వెలువరించే మార్గదర్శకాలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వైద్యుల కోసం రాసినవి కాబట్టి భాష బరువుగానే ఉంటుంది, అయినా మానసిక ఆరోగ్యం, కౌమారదశ, బడి, ఈ మూడింటి మీద ఉన్న అధ్యాయాలు తల్లిదండ్రులు కష్టపడైనా చదవదగ్గవి. బడి వరకే అయితే ఇంకా సులువైనది ఉంది. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, ఇస్పాడ్ కలిసి 2013లో మొదలుపెట్టిన కిడ్స్ అనే కార్యక్రమం టీచర్ల కోసం, తల్లిదండ్రుల కోసం బొమ్మలతో సమాచార ప్యాక్‌ను తయారుచేసి పలు భాషల్లో ఉచితంగా అందుబాటులో ఉంచింది. మా అమ్మాయి టీచరుకు నేను నోటితో చెప్పిన అరగంట కంటే ఆమె చేతిలో పెట్టిన ఆ కాగితాలే ఎక్కువ పని చేశాయి.

బడి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. వైద్యుల సంతకంతో రాతపూర్వకమైన ప్రణాళిక ఒకటి బడిలో ఉండి తీరాలి. ఇన్సులిన్ ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో వేసుకోవాలి, షుగర్ తగ్గిన లక్షణాలు ఈ బిడ్డలో ఎలా కనబడతాయి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. మా ప్రణాళికలో నేను ఎర్ర సిరాతో రాయించిన వాక్యం ఒకటుంది: "షుగర్ తగ్గినప్పుడు ఈ విద్యార్థినిని ఒంటరిగా ఎక్కడికీ పంపవద్దు." రెండో తరగతిలో ఉండగా, కళ్లు తిరుగుతున్నాయని చెప్పిన మా అమ్మాయిని ఆఫీసు గదికి వెళ్లి ఇన్సులిన్ వేసుకోమని ఒక్కదాన్నే పంపారు. అది మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. ఎవరో పెద్ద పిల్లలు చూసి చెప్పేదాకా ఎవరికీ తెలియదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, షుగర్ తగ్గితే ఇన్సులిన్ వేయకూడదని, వెంటనే తీపి ఇవ్వాలని తెలియనివాళ్లు.

సరుకు విషయం క్లుప్తంగా చెబుతాను, మీకు ఆ ఇబ్బంది ఉన్నట్టు లేదు. ఇన్సులిన్, స్ట్రిప్పులు కొనడమే భారమైన కుటుంబాల కోసం వనరులు తక్కువగా ఉన్న దేశాల్లో లైఫ్ ఫర్ ఎ చైల్డ్ 2000 నుంచి, చేంజింగ్ డయాబెటిస్ ఇన్ చిల్డ్రన్ 2009 నుంచి పనిచేస్తున్నాయి. ఇవి ఆయా దేశాల్లోని వైద్య కేంద్రాల ద్వారానే సాయం అందిస్తాయి కాబట్టి, ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా అవసరముంటే అడగవలసింది తమ క్లినిక్‌లోనే.

ఇక తోడు. నా అభిప్రాయంలో మీకు ఇప్పుడు లోటుగా ఉన్నది ఇదే. ఈ రంగంలో పెద్ద సంస్థల్లో కొన్ని ఇలా నిద్ర పట్టని తల్లిదండ్రుల నుంచే పుట్టాయి. ఇప్పుడు బ్రేక్‌త్రూ టీ1డీ అని పిలుస్తున్న సంస్థను, 2024 దాకా దాని పేరు జేడీఆర్‌ఎఫ్, 1970లో మొదలుపెట్టింది టైప్ 1 పిల్లల తల్లిదండ్రులే. కొత్తగా వ్యాధి బయటపడిన చిన్నపిల్లలకు వాళ్లు రూఫస్ అనే ఎలుగుబంటి బొమ్మను ఇస్తారు; సూది వేయవలసిన చోట్ల దాని ఒంటి మీద రంగు గుడ్డముక్కలు కుట్టి ఉంటాయి. చిల్డ్రన్ విత్ డయాబెటిస్ అనే వేదికను 1995లో ఇంటర్నెట్‌లో ప్రారంభించినది ఒక తండ్రి, జెఫ్ హిచ్‌కాక్. వాళ్లు జరిపే కుటుంబ సమ్మేళనాల్లో డయాబెటిస్ ఉన్నవాళ్లు ఆకుపచ్చ పట్టీ, లేనివాళ్లు నారింజరంగు పట్టీ చేతికి కట్టుకుంటారు. అన్ని ఆకుపచ్చ చేతులను ఒకేచోట చూడడం పిల్లలకు ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు.

అంతంత పెద్దవాటితోనే పని లేదు. మీ క్లినిక్‌లో డయాబెటిస్ సంరక్షణ నేర్పే ఎడ్యుకేటర్‌ను, మీ బాబు వయసు బిడ్డ ఉన్న మరో కుటుంబం మాతో మాట్లాడడానికి ఒప్పుకుంటుందేమో కనుక్కోగలరా అని అడగండి. నాకు దొరికిన అతిపెద్ద అండ అలా పరిచయమైన ఒకే ఒక్క ఆవిడ. ఆన్‌లైన్ బృందాల్లో చేరేటప్పుడు మాత్రం కొంచెం కనిపెట్టి ఉండాలి. ఇన్సులిన్ మానేయవచ్చనే మాట గాని, మానిపించే మందు అమ్మకం గాని ఒక్కసారి కనబడినా, దాన్ని తీసివేసే నిర్వాహకులు అక్కడ లేకపోతే, వెంటనే బయటికి వచ్చేయండి. ముక్కూ మొహం తెలియనివారు మీ బిడ్డ మోతాదు మార్చమని చెప్పే చోటు కూడా మంచిది కాదు. ఇంకొకటి, బాబు అనుమతి లేకుండా వాడి ఫొటోలు, వాడి అంకెలు ఏ బృందంలోనూ పెట్టకండి. ఆ తప్పు నేను చేశాను. మా అమ్మాయి పన్నెండో ఏట అవి చూసి మూడు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు.

రాత్రి కాపలా గురించి: నిరంతరం షుగర్ చూపే సెన్సర్ అందుబాటులో ఉంటే దాని అలారాన్ని ఇద్దరి ఫోన్లలో పెట్టుకుని వంతులు వేసుకోండి. ఈ రాత్రి నాది కాదు అని తెలిసిన రాత్రే అసలైన నిద్ర పడుతుంది.


జవాబు: 11వ ఏట టైప్ 1 వచ్చినవాడిని, ఇప్పుడు 24

అమ్మా, నమస్కారం. మీ బాబు చేసిన పని నేను రెండేళ్లు చేశాను, అదీ తనకంటే పనితనంతో. క్లినిక్‌కు వెళ్లే ముందురోజు రాత్రి కూర్చుని మూడు నెలల అంకెలు ఒకే ఊపున రాసేవాడిని. అన్నీ ఒకే రంగులో ఉంటే దొరికిపోతానని నీలం పెన్ను, నల్ల పెన్ను మార్చి మార్చి వాడేవాడిని. నిజంగా గుచ్చుకున్నట్టు కనబడాలని ఒకటి రెండు పేజీల అంచుకు రక్తపు చుక్క కూడా అంటించాను. ఆ చుక్క కోసం గుచ్చుకున్న వేలితోనే ఒక పరీక్ష చేసుకోవచ్చుగా అంటే, చేసుకోవచ్చు. ఆ అంకెను చూడాలని ఉండేది కాదు, అంతే.

ఎందుకు ఉండేది కాదో చెబుతాను. అంకె చూసిన ప్రతిసారీ ఇంట్లో ఒకరి ముఖం మారేది. మా అమ్మ నన్ను ఎన్నడూ తిట్టలేదు, అయినా 290 అనగానే ఆమె పెదవులు బిగుసుకోవడం నాకు తిట్టు కంటే గట్టిగా వినబడేది. బడి నుంచి వచ్చి సంచి దించకముందే "ఎంత ఉంది?" అని అడిగేది. పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయని రోజుకు ఆరుసార్లు అడిగినట్టు ఉండేది. పైగా ఏటా నవంబర్ 14న, అది ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు, బడిలో డయాబెటిస్ గురించి ఎవరో వచ్చి ప్రసంగించేవారు. తీపి మానండి, వ్యాయామం చేయండి, రాకుండా చూసుకోండి అని. క్లాసు మొత్తం తిరిగి నన్ను చూసేది. సొంత రోగనిరోధక వ్యవస్థే క్లోమంలోని బీటా కణాలను నాశనం చేయడం వల్ల ఇది వస్తుందని, తిన్న తీపికీ దీనికీ సంబంధం లేదని ఆ వయసులో లేచి నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. మీ బాబు సిగ్గుపడుతున్నాడేమో ఒకసారి చూడండి. భయం బయటికి కనబడినంత సులువుగా సిగ్గు కనబడదు.

మా ఇంట్లో పరిస్థితి మార్చింది ఎడ్యుకేటర్ కుదిర్చిన చిన్న ఒప్పందం. బడి నుంచి వచ్చిన మొదటి గంటలో, నాకు ఒంట్లో బాగోలేకపోతే తప్ప, ఎవరూ షుగర్ ప్రస్తావన తేకూడదు. రాత్రి భోజనం ముందు పది నిమిషాలు అమ్మా నేనూ కలిసి అంకెలు చూడాలి. అప్పుడు కూడా మంచి షుగర్, చెడ్డ షుగర్ అనకూడదు. ఎక్కువ, తక్కువ, పరిధిలో ఉంది, ఇంతే. ఎంత వచ్చినా అమ్మ ముందు అనవలసిన మాట, "చూసినందుకు సంతోషం." మొదట్లో ఆమె దాన్ని పాఠం ఒప్పజెప్పినట్టు అనేది, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నెల తిరిగేసరికి నాకు దొంగ అంకెలు రాసే అవసరం పోయింది.

రెండోది శిబిరం. టైప్ 1 పిల్లల కోసమే జరిపే శిబిరాల చరిత్ర పాతది. అమెరికాలో డాక్టర్ లియొనార్డ్ వెంట్ 1925లోనే అలాంటిది నిర్వహించారు, అంటే ఇన్సులిన్ వాడుకలోకి వచ్చిన మూడేళ్లకే. నేను 14వ ఏట బలవంతం మీద వెళ్లాను. మొదటి రాత్రి భోజనాల గదిలో నలభై మందిమి వరుసగా కూర్చున్నాం. ఎవరో మోతాదు చూసుకుని పెన్ను వెనకభాగం తిప్పారు, టిక్ టిక్ మని. తర్వాత పక్కవాడు. కాసేపటికి గది నిండా ఆ టిక్కులే. నేను అప్పటిదాకా గోడవైపు తిరిగి, చొక్కా చాటున సూది వేసుకునేవాడిని. ఆ రాత్రి ఎదుటివాడితో మాట్లాడుతూ మాట్లాడుతూ వేసుకున్నాను, వేసుకున్నానన్న సంగతి కూడా తర్వాతే గుర్తొచ్చింది. మా గదికి పెద్దగా ఉన్న అన్నయ్యకు కూడా టైప్ 1. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ వేయించుకున్న లియొనార్డ్ థాంప్సన్‌కు 14 ఏళ్లేనని, మొదటి సూది సరిగా పనిచేయకపోతే పన్నెండు రోజులకు శుద్ధిచేసిన మందుతో మళ్లీ వేశారని ఆయనే చెప్పాడు. నా వయసువాడన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మీ బాబుకు ఇప్పుడే శిబిరం అంటే ఇష్టం లేకపోతే, 2015లో మొదలైన బియాండ్ టైప్ 1 వంటివి యువత భాషలో, యువత చేతనే మాట్లాడిస్తాయి. దాన్ని స్థాపించినవారిలో గాయకుడు నిక్ జోనస్ ఉన్నాడు, అతనికి టైప్ 1 బయటపడింది 13వ ఏటనే. టెన్నిస్ ఆటగాడు అలెగ్జాండర్ జ్వెరెవ్ చిన్నతనం నుంచి టైప్ 1తోనే ఆడుతున్నాడు. అయితే ఒక మనవి: వీళ్లను చూపించి "చూడు, వాళ్లు ఎంత సాధించారో" అనకండి. నాకు అలా చెప్పిన ప్రతిసారీ, షుగర్ పరిధిలో ఉంచుకోవడంతో సరిపోదు, ఒలింపిక్ పతకం కూడా తేవాలి కాబోలు అనిపించేది. లింకు పంపి ఊరుకోండి.


జవాబు: పిల్లల డయాబెటిస్ విభాగంలో ఎడ్యుకేటర్‌గా పనిచేసే నర్సు

పై ఇద్దరూ అనుభవంతో చెప్పినవాటికి వృత్తిరీత్యా చేర్చవలసినవి కొన్ని ఉన్నాయి. మోతాదుల గురించి ఇక్కడ మాట్లాడను. అవి మీ వైద్య బృందం చేతిలోనివి.

మీ బాబు అంకెలు పెరగడాన్ని పూర్తిగా నిర్లక్ష్యం ఖాతాలో వేయకండి. యుక్తవయసు హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. అంతకుముందు శరీర బరువులో కిలోకు రోజుకు 0.7 నుంచి 1 యూనిట్ సరిపోయిన పిల్లలకే ఈ దశలో 1.2 యూనిట్లు, కొందరికి 2 దాకా అవసరం కావచ్చు. సరిగ్గా అదే సమయంలో మీ బాబుకు హనీమూన్ దశ కూడా ముగిసింది. అంటే అన్నీ సక్రమంగా చేసినా అంకెలు పెరిగే కాలం ఇది. ఎంత చేసినా ఫలితం కనబడకపోతే చూడడమే మానేయడం పిల్లల్లో తరచూ ఎదురయ్యే విషయం. కాబట్టి మోతాదుల సమీక్ష కోసం తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ వారమే ఫోన్ చేయండి. మీటరు చూశానన్న సంగతి బాబుకు మీరే నెమ్మదిగా చెప్పడం మంచిది. మాకు చెప్పి, మా ద్వారా బాబుకు తెలియడం మాత్రం వద్దు.

రెండో సంగతి, ఈ అలసటకు వైద్యంలో ఒక పేరుంది, డయాబెటిస్ డిస్ట్రెస్. ఇది డిప్రెషన్‌తో ఒకటి కాదు, అయితే పట్టించుకోకుండా వదిలేయదగ్గదీ కాదు. దీన్ని కొలవడానికి పెయిడ్ అనే ప్రశ్నావళి వాడతారు. కౌమారులకు ఒక రూపం, తల్లిదండ్రులకు విడిగా మరో రూపం ఉన్నాయి. టైప్ 1 ఉన్న పిల్లల మానసిక స్థితిని క్రమం తప్పకుండా పరిశీలించాలని ఇస్పాడ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి కాబట్టి దాన్ని అడిగి చేయించుకోవడం మీ హక్కే, ఎవరినీ బతిమాలుకోవలసిన విషయం కాదు. మీరు రాసిన రాత్రి మెలకువను కూడా అపాయింట్‌మెంట్‌లో చెప్పండి. తల్లులు బిడ్డ అంకెలు దశాంశాలతో సహా చెబుతారు, తమ నిద్ర గురించి అడిగితే బాగానే ఉందంటారు. బాబు బరువు అకారణంగా తగ్గినా, కీటోన్లు మళ్లీ మళ్లీ కనబడినా, అద్దం ముందు శరీరం గురించి మథనపడుతున్నట్టు అనిపించినా ఆలస్యం చేయకండి. బరువు తగ్గాలని కావాలనే ఇన్సులిన్ మానే పిల్లలు ఆడపిల్లల్లోనే కాదు, మగపిల్లల్లోనూ ఉంటారు.

బడిలో, ఇంట్లో, బాబు స్నేహితుల్లో కనీసం ఒక్కొక్కరికైనా తెలియవలసినవి రెండున్నాయి. షుగర్ 70 కంటే తగ్గితే త్వరగా ఒంటబట్టే గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా, దగ్గర గ్లూకగాన్ (షుగర్‌ను వెంటనే పెంచే మందు) ఉంటే అది ఇచ్చి అంబులెన్స్‌ను పిలవాలి. ఇక జ్వరమో వాంతులో వచ్చి ఏమీ తినలేకపోతున్నా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, కీటోన్లు చూస్తూ ఉండాలి. రక్తంలో కీటోన్లు 1.5 దాటితే మాకు ఫోన్ చేయాలి, 3 దాటితే నేరుగా ఆసుపత్రికి రావాలి. ఈ నాలుగు ముక్కలు తెలిసిన మనిషి ఇంట్లో మరొకరున్నప్పుడు తల్లికి నిద్ర పట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఒకటి మరిచాను. వచ్చేసారి క్లినిక్‌లో పది నిమిషాలు బాబును ఒంటరిగా వైద్యునితో మాట్లాడనివ్వండి. పెద్దల విభాగానికి మారే రోజు ఇంకా దూరంగా ఉందనిపిస్తుంది గానీ, 18వ ఏట ఒక్కసారిగా అన్నీ తన చేతిలో పెడితే ఎంతోమంది అపాయింట్‌మెంట్లకు రావడమే మానేస్తున్నారు. ఆ పది నిమిషాల అలవాటు ఇప్పటి నుంచే ఉండాలి.


జవాబు: ఒక తండ్రి

మీ వారి తరఫున రెండు మాటలు రాయాలనిపించింది. నేనూ యంత్రాల గురించే మాట్లాడేవాడిని. 2013, 2014 ప్రాంతాల్లో కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల సెన్సర్ అంకెలను దూరం నుంచి చూసుకోవడానికి నైట్‌స్కౌట్ అనే సాఫ్ట్‌వేర్‌ను తామే రాసుకుని, అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఆ కథ చదివి నెల రోజులు దాని వెనకే పడ్డాను. ఆ నెలలో మా అబ్బాయితో కూర్చుని మాట్లాడినది మాత్రం తక్కువ. భయపడుతున్నానని చెప్పడం చేతగాక తీగలు, తెరలు పట్టుకున్నానని తర్వాత అర్థమైంది. మీ వారికి ఒక పని పూర్తిగా అప్పగించండి, రాత్రి అలారమో, క్లినిక్ ప్రయాణమో. సాయం చేయమంటే తప్పుకుంటాం, బాధ్యత ఇస్తే నిలబడతాం.

మీ పాప గురించి: అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు టైప్ 1 వచ్చే అవకాశం సుమారు 20 మందిలో ఒకరికి, అంటే 19 మందికి రాదు. ముందే తెలుసుకోవాలనుకుంటే రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష ఉంది, ట్రయల్‌నెట్ వంటి పరిశోధన బృందాలు దగ్గరి బంధువులకు ఆ పరీక్ష చేస్తాయి. తొలి దశలోనే దొరికిన ఎనిమిదేళ్లు దాటినవారిలో వ్యాధి పైకి తేలడాన్ని వాయిదా వేసే టెప్లిజుమాబ్ అనే మందుకు 2022 నవంబర్‌లో అమెరికా అనుమతినిచ్చింది. ప్రయోగాల్లో అది సగటున రెండేళ్ల వ్యవధి ఇచ్చింది. మేము మా చిన్నదానికి పరీక్ష చేయించాం, మీరు వద్దనుకున్నా తప్పు లేదు. అయితే పాప అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పరీక్షలో ఉండదు. వారంలో ఒక సాయంత్రం, షుగర్ అనే మాటే రాని సాయంత్రం, తనకు ఇవ్వండి.


ప్రశ్న అడిగిన తల్లి మళ్లీ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఎడ్యుకేటర్ గారు చెప్పినట్టు క్లినిక్‌కు ఫోన్ చేశాను, మోతాదుల సమీక్షకు ఎల్లుండి రమ్మన్నారు. నిన్న రాత్రి మీటరు చూశానని బాబుకు చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వారం నుంచి తెలిసి కూడా అడగలేదా?" అన్నాడు. కోపమో ఊరటో నాకు అర్థం కాలేదు. 24 ఏళ్ల బాబు రాసిన జవాబు చదువుతావా అని ఫోన్ చేతికిచ్చి గదిలోంచి వచ్చేశాను. రక్తపు చుక్క దగ్గరకు వచ్చినట్టున్నాడు, లోపలి నుంచి నవ్వు వినబడింది.

పొద్దున ఫ్రిజ్ తలుపు మీద ఎల్లుండి క్లినిక్‌లో అడగవలసినవి రాసిన కాగితం ఉంది, వాడి చేతిరాతే. శిబిరానికి వెళ్లాలంటే ఎన్నేళ్లుండాలి అన్నది మొదటిది. సెన్సర్ పెడితే దాని అంకెలను అమ్మ ఫోన్‌కు కాకుండా నాన్న ఫోన్‌కు పంపవచ్చా అన్నది రెండోది.